పిల్లల ఫుట్‌బాల్ లీగ్: ఆటగాణ్ణి తయారుచేసేది నియమాలే

భారత ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌గా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు వినగానే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనకొచ్చిన నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గుర్తుకొస్తాయి. నాకు వాటికంటే ముఖ్యమనిపించేవి ఆయన హైదరాబాదులో పెట్టిన చిత్రమైన పోటీలు. ఒక రకం పోటీలో డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. ఇంకో రకంలో వాటం లేని కాలితోనే ఆడాలి. వృత్తిరీత్యా ఆయన ఉపాధ్యాయుడు. పాఠం చెప్పడం కంటే, ఆ పాఠం నేర్చుకోక తప్పని పరిస్థితి కల్పించడం మేలని ఆయన గ్రహించారు. "ఎడమ కాలు వాడరా" అని వందసార్లు అరిచే బదులు ఎడమ కాలు తప్ప మరొకటి పనికిరాని ఆట పెట్టారు.

పిల్లల లీగ్ నడపాలనుకునేవాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఇదే. వారమంతా కోచ్ ఒకటి నేర్పి, ఆదివారం మ్యాచ్ నియమాలు ఇంకోదానికి బహుమతి ఇస్తే, నియమాలే గెలుస్తాయి. పెద్దల గోల్‌పోస్టు, పదకొండుమంది జట్టు, ఓడితే ఇంటికే అన్న పోటీలో పదేళ్ల పిల్లలను దింపండి. ఎంత మంచి కోచ్ అయినా అందరికంటే పొడుగైన కుర్రాణ్ణి ముందు నిలబెట్టి, వెనక నుంచి బంతిని గాల్లోకి కొట్టిస్తాడు. కీపర్‌కి అందని ఎత్తులో పడితే గోలు. ఆ పిల్లలకు పాస్ రాలేదని తర్వాత బాధపడి ప్రయోజనం లేదు. పాస్ అవసరం లేని ఆటే వాళ్లతో ఆడించాం.

మొదట మానుకోవలసింది నాకౌట్. మన ఊళ్లలో పిల్లలకు ఎక్కువగా దొరికేది రెండు మూడు రోజుల టోర్నమెంటే. 16 జట్లు వస్తే మొత్తం 15 మ్యాచ్‌లు, అందులో 8 జట్లు ఒక్క మ్యాచ్ ఆడి సంచులు సర్దుకుంటాయి. ఎక్కువ ఆట కావలసింది ఓడిన జట్లకే, ఇంటికి పంపేదీ వాళ్లనే. అదే 16 జట్లను ఎనిమిదేసి చొప్పున రెండు గ్రూపులు చేసి లీగ్ పెడితే గ్రూపుకి 28 చొప్పున 56 మ్యాచ్‌లు, ప్రతి జట్టుకీ కచ్చితంగా ఏడు. ఖర్చు పెరుగుతుంది, నిజమే. అయితే నాకౌట్ ఖర్చులో పెద్ద భాగం స్టేజీకి, షామియానాకి, నగదు బహుమతికి పోతుంది. ఆ డబ్బు గ్రౌండు అద్దెకి, రిఫరీలకి మళ్లిస్తే లోటు చాలావరకు పూడుతుంది. నగదు బహుమతి తీసేస్తే ఇంకో మేలు కూడా ఉంది. వయసు దాచి ఆడించే జట్లు సగం రావు.

ఇక మైదానం, బంతి, గోలు. ఇక్కడ కొలతలు కచ్చితంగా ఉండాలి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

8 ఏళ్ల లోపు పిల్లలకు జట్టుకి నలుగురు, గోల్‌కీపర్ లేకుండా. మైదానం 30 మీటర్లు × 20 మీటర్లు. గోలు ఒకటిన్నర, రెండు మీటర్ల వెడల్పుంటే చాలు, రెండు కోన్లు పెట్టినా నడుస్తుంది. 3వ నంబరు బంతి, బరువు 300 నుంచి 320 గ్రాములు. 9, 10 ఏళ్లవాళ్లకు జట్టుకి ఏడుగురు, మైదానం సుమారు 55 × 36 మీటర్లు, గోలు 3.66 మీటర్ల వెడల్పు, 1.83 మీటర్ల ఎత్తు. 11, 12 ఏళ్లకు తొమ్మిదిమంది, 73 × 46 మీటర్లు, గోలు 4.88 × 2.13. ఈ రెండు వయసులకూ 4వ నంబరు బంతి, 350 నుంచి 390 గ్రాములు. 13 దాటాకే పదకొండుమంది, 7.32 × 2.44 పెద్ద గోలు. 410 నుంచి 450 గ్రాముల 5వ నంబరు బంతి కూడా ఆ తర్వాతే. అమెరికా, ఇంగ్లండు ఫుట్‌బాల్ సమాఖ్యలు ఏడు, తొమ్మిది, పదకొండు అన్న మెట్లను దాదాపు ఇవే వయసులకు పాటిస్తున్నాయి. 130 సెంటీమీటర్ల పొడవుండే పిల్లవాణ్ణి 2.44 మీటర్ల అడ్డకర్ర కింద నిలబెడితే వాడు కీపింగ్ నేర్చుకోడు, తలమీదుగా పోయే బంతిని చూడటం నేర్చుకుంటాడు.

"మాకు ఉన్నది ఒక్కటే గ్రౌండు" అని చాలామంది పెద్ద మైదానం మీదే చిన్నపిల్లలను ఆడిస్తారు. 100 × 64 మీటర్ల మామూలు గ్రౌండులో 30 × 20 మైదానాలు ఆరు హాయిగా పడతాయి. అంటే ఒకేసారి 48 మంది పిల్లలు ఆడుతుంటారు. ఏడుగురి మైదానాలైతే అడ్డంగా గీస్తే రెండు పడతాయి, మధ్యలో వార్మప్‌కి చోటు మిగులుతుంది. ఒక్క గ్రౌండే ఉండటం పిల్లల లీగ్‌కి అడ్డంకి కాదు, చిన్న మైదానాలు గీయడానికి అదే కారణం కావాలి.

గీతలు గీసేటప్పుడు మూలలు వంకరపోతుంటాయి. దానికి పాత మేస్త్రీల పద్ధతే మందు. తాడు మీద వరసగా 9, 12, 15 మీటర్ల ఎడంతో ముళ్లు వేసి త్రిభుజంగా లాగితే 9, 12 కలిసే మూల సరిగ్గా లంబంగా వస్తుంది. ఒక్క మూల సరిగ్గా కుదిరితే మిగతావి టేపుతో వచ్చేస్తాయి. గీతలకు సున్నం వాడకండి. తడి తగిలితే సున్నం చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలు పడతారు, జారతారు, ఆ చేతులతోనే కళ్లు నలుపుకుంటారు. రాతి ముగ్గు చాలు. వానాకాలంలో ముగ్గు కొట్టుకుపోతుంది కాబట్టి మూలల్లో మాత్రం కోన్లు ఉంచండి.

బంతి విషయంలో ఒక మాట. మొరం నేల మీద కుట్టిన మెత్తటి బంతి పై పొర తొందరగా పెచ్చులూడుతుంది. గట్టి నేలకు రబ్బరు మోల్డెడ్ బంతులే నయం. గాలి నిండుగా కొట్టడం అందరూ చేసే పొరపాటు. గట్టి నేలమీద నిండు గాలి బంతి మోకాలి ఎత్తుకు ఎగురుతుంది, పిల్లలు దాన్ని ఆపలేక తన్నడం మొదలుపెడతారు. బొటనవేలితో నొక్కితే కొద్దిగా లోపలికి పోయేలా ఉండాలి. బూట్లు కూడా అంతే, పొడుగు స్టడ్‌లు గడ్డికే. మొరం మీద పొట్టి రబ్బరు గుబ్బలున్న టర్ఫ్ బూట్లు వాడాలి, లేదంటే మడమలు నొప్పెడతాయి. బూట్లు కొనలేని పిల్లలుంటారు. పొట్టివైపోయిన జతలను సైజుల వారీగా సేకరించి ఇచ్చే పెట్టె ఒకటి లీగ్ తరఫున ఉంచితే, ఒట్టికాళ్లతో ఆడే పిల్లవాడు రెండో ఆదివారం నుంచి రావడం మానేసే పరిస్థితి తప్పుతుంది.

గోల్‌పోస్టుల గురించి మాత్రం రాజీ పనికిరాదు. వెల్డింగ్ షాపులో పైపులతో చేయించిన విడి గోల్‌పోస్టుకి బరువంతా ముందు చట్రంలోనే ఉంటుంది. ఒక పిల్లవాడు అడ్డకర్రకు వేలాడితే ముందుకు తిరగబడుతుంది. ప్రపంచంలో చాలాచోట్ల పిల్లలు ఇలాగే చనిపోయారు. వెనక కింది పైపు మీద ఇటూ అటూ ఇసుక బస్తాలు వేసి తాడుతో కట్టండి, లేదా ఇనుప మేకులు భూమిలోకి దిగ్గొట్టండి. ప్రతి మ్యాచ్‌కి ముందు ఒక పెద్దమనిషి అడ్డకర్ర పట్టుకుని ముందుకు గట్టిగా లాగి చూడాలి. కదిలితే ఆట మొదలుకాకూడదు. ఆట అయ్యాక గోల్‌పోస్టులను వాటి ముఖం నేలకు ఆనేలా పడుకోబెట్టి గొలుసు వెయ్యండి, సాయంత్రం అక్కడికి వచ్చే వేరే పిల్లలున్నారు కదా.

మైదానం కుదిరాక నియమాల పుస్తకం. నా దృష్టిలో పదేళ్ల లోపు పిల్లలకు అన్నింటికంటే విలువైన నియమం వెనక్కి తగ్గే గీత. గోల్ కిక్ తీసుకునేటప్పుడు, కీపర్ చేతుల్లో బంతి ఉన్నప్పుడు ఎదుటి జట్టు మొత్తం సగం గీత దాకా వెనక్కి పోవాలి. కీపర్ బంతిని గాల్లోకి ఎగరేసి తన్నకూడదు, చేత్తో దొర్లించాలి లేదా నేలమీద పెట్టి పాస్ ఇవ్వాలి. ఈ రెండూ ఉంటే వెనక ఆడే పిల్లవాడికి బంతి అందుకుని, తల ఎత్తి, ఎటు పోవాలో ఆలోచించే రెండు క్షణాలు దొరుకుతాయి. అవి లేకపోతే గోల్ కిక్ తీసిన ప్రతిసారీ బంతి గోలు ముందే పోతుంది, నాలుగు గోల్స్ తిన్నాక కోచ్ "దూరంగా కొట్టెయ్" అంటాడు. ఈ నియమం ఎక్కడ బెడిసికొడుతుందో కూడా చెప్పాలి. బంతి కదలగానే గీత దాటొచ్చు అని రాస్తే చురుకైన పిల్లలు గీత మీద పరుగుపందెంలోలా కాచుకుంటారు. "అందుకునే ఆటగాడు బంతిని తాకేదాకా" అని రాయండి. కీపర్ తొందరగా ఆడాలనుకుంటే ఎదుటివాళ్లు వెనక్కి వెళ్లేదాకా ఆగనక్కర్లేదు, అది అతని ఇష్టం.

మిగతావి క్లుప్తంగా. పదేళ్ల లోపు ఆఫ్‌సైడ్ వద్దు. ఎనిమిదేళ్ల లోపు త్రో ఇన్ బదులు బంతిని గీత మీద పెట్టి కాలితో లోపలికి నడిపించుకుని రావచ్చు. చిన్న పిల్లలకు తలతో కొట్టడం నిషేధించండి. అమెరికాలో పదేళ్ల లోపు పిల్లలకు ఈ నిషేధం చాలా ఏళ్లుగా ఉంది, ఇంగ్లండు కూడా అదే దారి పట్టింది. తలకు దెబ్బ తగిలి తికమకపడే పిల్లవాణ్ణి ఆ రోజుకి మళ్లీ దింపకండి, వాడు "నాకేం కాలేదు" అన్నా సరే. వాంతి, మగత, తలనొప్పి ముదరడం కనిపిస్తే నేరుగా ఆసుపత్రికే.

తర్వాతిది ఆట సమయం. ఇక్కడే లీగ్‌లు మాట తప్పుతాయి. "అందరినీ ఆడించాలి" అని రాస్తే చివరి మూడు నిమిషాలకు దింపి ఆడించామంటారు. లెక్కగా రాయాలి. ఏడుగురి ఆట, 40 నిమిషాలు, జట్టులో 10 మంది అనుకుందాం. ఆటను పదేసి నిమిషాల నాలుగు భాగాలు చెయ్యండి. ఏడు స్థానాలు × నాలుగు భాగాలు, మొత్తం 28 చీట్లు. ఎనిమిదిమందికి మూడేసి, ఇద్దరికి రెండేసి. ఆ ఇద్దరూ వారం వారం మారితే ఐదు వారాల్లో అందరికీ ఒక్కసారి తక్కువ వాటా వచ్చి లెక్క సరిపోతుంది. మార్పులు భాగం ముగిసినప్పుడే చేస్తారు కాబట్టి కోచ్ గొడవపడక్కర్లేదు, స్కోరర్ కాగితం చూసి చెప్పేస్తాడు. జట్టులో 14 మందిని చేర్చుకుంటే ఒక్కొక్కరికి 20 నిమిషాలే వస్తాయి. అందుకే జట్టు పరిమితి కూడా నియమంలో ఉండాలి: నలుగురి ఆటకు 6 లేదా 7 మంది, ఏడుగురి ఆటకు 10, తొమ్మిదిమంది ఆటకు 13. పిల్లలు ఎక్కువైతే రెండో జట్టు పెట్టండి. ఆ రెండు జట్లనూ "ఏ" టీమ్, "బీ" టీమ్ అని బలాన్ని బట్టి విడదీస్తే పదేళ్లవాడికి వాడి స్థానం ఏమిటో మనమే ముద్రవేసి చెప్పినట్టు. బలాన్ని సమంగా పంచండి.

గోల్‌కీపర్ స్థానం పదేళ్ల దాకా అందరూ వంతులవారీగా చెయ్యాలి. బొద్దుగా ఉన్నవాణ్ణో, నెమ్మదస్తుణ్ణో గోలులో పెట్టి మర్చిపోవడం మన గ్రౌండ్లలో చాలా కాలంగా సాగుతున్న అన్యాయం. పన్నెండేళ్లకు ఎవరు పొడుగవుతారో, ఎవరు చురుకవుతారో తొమ్మిదేళ్లప్పుడు ఎవరూ చెప్పలేరు.

మ్యాచ్‌ల పట్టిక కష్టం కాదు. ఎనిమిది జట్లకు 1వ జట్టును కదపకుండా ఉంచి, మిగతా ఏడింటినీ వారానికో స్థానం చొప్పున గుండ్రంగా జరిపితే ఏడు వారాల్లో అందరూ అందరితో ఆడేస్తారు. జట్ల సంఖ్య బేసి అయితే ఒక ఖాళీ పేరు చేర్చండి, దానితో పడిన జట్టుకి ఆ వారం సెలవు. అసలు చిక్కు 12-0 లాంటి స్కోర్లు. అలా గెలిచినవాళ్లూ ఏమీ నేర్చుకోరు, ఓడినవాళ్లూ నేర్చుకోరు. దీనికి రెండు మార్గాలు బాగా పనిచేస్తాయి. మొదటిది, తేడా నాలుగు గోల్స్‌కి చేరగానే వెనకబడ్డ జట్టు ఒక ఆటగాణ్ణి అదనంగా దింపవచ్చు, తేడా తగ్గితే మళ్లీ తీసెయ్యాలి. రెండోది, ఏడు వారాల తర్వాత పై నాలుగు, కింది నాలుగు జట్లను విడదీసి, ఆ నాలుగింటి మధ్య రెండు విడతలు ఆడిస్తే మరో ఆరు వారాలు. మొత్తం 13 వారాల సీజన్, రెండో సగంలో మ్యాచ్‌లన్నీ బిగువుగా ఉంటాయి. పదేళ్ల లోపు వాళ్లకు పాయింట్ల పట్టిక బయట పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఎవరు గెలిచారో పిల్లలకు తెలుస్తూనే ఉంటుంది, ఆ పట్టికను వాట్సాప్ గ్రూపులో తిప్పేది పెద్దలే.

13 వారాలు ఎక్కడ పడతాయి? తెలంగాణలో జులై మొదట్లో ఆరంభిస్తే దసరా సెలవుల నాటికి దాదాపు పూర్తవుతుంది, వానకు పోయిన ఒకటి రెండు ఆదివారాలు సెలవుల్లోకి జరపొచ్చు. కోస్తాలో అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు, తుపాన్ల భయం, కాబట్టి డిసెంబరు మొదట్లో ఆరంభించి, సంక్రాంతికి రెండు వారాలు విరామం ఇచ్చి మార్చి మధ్యకు ముగించడం మేలు. ఒంటిపూట బడులు మొదలయ్యాక పోటీ మ్యాచ్‌లు పెట్టకండి, ఉదయం సాధన చాలు. సంక్రాంతి ఆదివారం ఫైనల్ పెట్టి ఊళ్లకు వెళ్లిన పిల్లల జట్టు రాలేదని ఎదుటి జట్టుకి వాకోవర్ (ఆడకుండానే గెలుపు) ప్రకటించడం అన్యాయం.

ఎండ సంగతి కూడా ఇక్కడే. ఉదయం ఆరున్నరకు మొదటి విజిల్, తొమ్మిది లోపు ఆఖరిది. పదేసి నిమిషాల భాగాల మధ్య నీళ్లు తాగించండి, దాహమేస్తే తాగమనడం చాలదు, ఆటలో మునిగిన పిల్లలు అడగరు. గంట ఆటకు మంచినీళ్లు, ఉప్పేసిన మజ్జిగ సరిపోతాయి. ఓఆర్‌ఎస్ ఇవ్వవలసి వస్తే పొట్లం మీద రాసినన్ని నీళ్లు, పెద్ద పొట్లానికైతే లీటరు, కచ్చితంగా. గ్లాసుడు నీళ్లలో పెద్ద పొట్లమంతా కలిపితే ఉప్పు ఎక్కువై మేలు బదులు కీడు చేస్తుంది. డబ్బా డ్రింకులను ఓఆర్‌ఎస్ అని కొని పంచకండి. ఆ మాట పానీయాల పేర్లలో వాడొద్దని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. ఇక పిడుగు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు కూడా లేకపోతే ఆట ఆపి పిల్లలను భవనంలోకో బస్సులోకో పంపాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా తిరిగి దింపకూడదు. చెట్టు కిందికి పరిగెత్తనివ్వకండి. పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ ఒకరి ఫోన్లో ఉండి, ఆ ఒకరు ఎవరో ముందే తేల్చి ఉంటే మంచిది.

వయసు గొడవ లేని పిల్లల లీగ్ మన దగ్గర లేదు. ఆధార్‌లో ఉన్న తేదీ చాలాసార్లు బడిలో చేర్చినప్పుడు రాయించిన తేదీయే. అందుకే పుట్టిన ఏడాది లోపు నమోదైన జనన ధ్రువపత్రాన్ని మొదటి ఆధారంగా తీసుకోండి. జాతీయ స్థాయి యువ పోటీలకు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) ఎముకల వయసు తేల్చే టీడబ్ల్యూ3 ఎక్స్‌రే పరీక్ష వాడుతుంది, స్థానిక లీగ్‌కి అంత దూరం పోనక్కర్లేదు. సీజన్ మొదట్లోనే అందరి పత్రాలూ అన్ని జట్ల ప్రతినిధుల ముందు ఒకే రోజు చూసేస్తే, ఫైనల్ రోజున గ్రౌండులో పంచాయతీ తప్పుతుంది. తప్పుడు పత్రం దొరికితే శిక్ష పిల్లవాడికి కాదు, జట్టు నడిపే పెద్దలకు పడాలి.

నిజాయితీగా వయసు సరిపోయినా ఇంకో తేడా మిగులుతుంది. జనవరి 1 కటాఫ్ అయితే జనవరిలో పుట్టినవాడికీ డిసెంబరులో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా. తొమ్మిదేళ్లప్పుడు ఏడాది అంటే ఐదారు సెంటీమీటర్ల పొడవు, అందుకే ఎంపిక జట్లలో ఏడాది మొదట్లో పుట్టినవాళ్లే ఎక్కువగా కనిపించడం దేశదేశాల్లో నమోదైంది. సెలక్షన్ కాగితం మీద పిల్లల పేరు పక్కన పుట్టిన నెల కూడా రాసుకోండి. ఎంపికైన 20 మందిలో 14 మంది జనవరి నుంచి జూన్ లోపువాళ్లే అయితే, మీరు ప్రతిభను కాక పొడవును ఎంచారేమో మళ్లీ చూసుకోవాలి.

సాధన గురించి. వారానికి రెండుసార్లు, 75 నిమిషాలు, 12 మంది పిల్లలకు ఒక కోచ్. అందరికీ తలో బంతి, 40 కోన్లు, జట్లను గుర్తుపట్టడానికి చొక్కా మీద తొడిగే బిబ్‌లు రెండు రంగుల్లో ఆరేసి. మొదటి పది నిమిషాలు వచ్చినవాళ్లు వచ్చినట్టే చిన్న గోల్స్‌కి ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురు ఆడుతుంటారు. అందరూ వచ్చేదాకా గ్రౌండు చుట్టూ రౌండ్లు కొట్టించడం వృథా. తర్వాత 15 నిమిషాలు ఒంటికాలి మీద నిలవడం, దూకి మెత్తగా దిగడం, దెబ్బ తగలకుండా పడటం. ఇవి ఫిఫా 11 ప్లస్ కిడ్స్ వార్మప్‌లో ఉన్నవే, 7 నుంచి 13 ఏళ్ల పిల్లల కోసం తయారుచేశారు. ఆపైన 15 నిమిషాలు నేలమీద గీసిన 10 × 8 మీటర్ల గడుల్లో ఒకరి మీద ఒకరు, ఇద్దరి మీద ఒకరు ఆడటం. తర్వాత అరగంట మ్యాచ్. చివరి ఐదు నిమిషాలు నీళ్లు, రెండు మాటలు.

మన గ్రౌండ్లలో ఎక్కువగా కనిపించేది దీనికి పూర్తిగా వేరు. 12 మంది వరసలో నిలబడి ఒక్కొక్కరే గోలు మీదకు కొట్టడం. ఒక్కో వంతుకి 20 సెకన్లు పడితే మళ్లీ వంతు వచ్చేసరికి నాలుగు నిమిషాలు. పావుగంటలో పిల్లవాడు తన్నింది మూడు నాలుగు సార్లు, నిలబడింది మిగతా సమయమంతా. వరస కనిపిస్తే దాన్ని నాలుగుగా విరగ్గొట్టండి.

ఆ అరగంట మ్యాచ్‌లో రహీమ్ పద్ధతి బాగా పనిచేస్తుంది, ఒక్కో షరతు పది పన్నెండు నిమిషాలు మించకుండా. వాటం లేని కాలితో వేసిన గోలుకి రెండు పాయింట్లు. సొంత సగంలో రెండు తాకిళ్లకు మించకూడదు. గోలు వెయ్యాలంటే జట్టంతా సగం గీత దాటి ఉండాలి. కానీ డ్రిబ్లింగ్ నిషేధాన్ని పన్నెండేళ్లలోపు వాళ్లకు తేవద్దు. బంతితో ఒంటరిగా ఒకణ్ణి దాటే ధైర్యం ఆ వయసులోనే వస్తుంది. అప్పుడే "ఇచ్చెయ్ ఇచ్చెయ్" అని నేర్పితే పిల్లవాడు పాస్ నేర్చుకోడు, బంతిని వదిలించుకోవడం నేర్చుకుంటాడు. డ్రిబ్లింగ్ వచ్చినవాడికి మాత్రమే డ్రిబ్లింగ్ మానడంలో అర్థముంటుంది.

ఎదిగే వయసులో కొన్ని నొప్పులను సోమరితనంగా కొట్టిపారెయ్యకండి. 8 నుంచి 13 ఏళ్లలో మడమ వెనక నొప్పి, 11 నుంచి 15 మధ్య మోకాలి చిప్ప కింద బుడిపె, నొప్పి తరచుగా వస్తాయి. ఎముక వేగంగా పెరుగుతుంటే కండరం అంత వేగంగా సాగక, అది అతుక్కున్నచోట లాగుతుంది. పరుగు, దూకడం తగ్గించాలి, కుంటుతుంటే ఆపాలి, డాక్టరుకు చూపాలి. హఠాత్తుగా పొడుగైన పిల్లవాడు కొన్ని నెలలు తడబడతాడు, నిన్న ఆగిన బంతి ఇవాళ ఆగదు. ఆ సమయంలో జట్టు నుంచి తీసేస్తే, వాడు తిరిగి కుదురుకునే నాటికి మన దగ్గర ఉండడు.

ఆడపిల్లలను 12 ఏళ్ల దాకా మగపిల్లలతో కలిపి ఆడించండి, అంతకుముందే గ్రౌండులో శుభ్రమైన మరుగుదొడ్డి, తలుపుకి గడియ ఉన్నాయో లేదో చూసుకోండి. చాలామంది తల్లులు అడిగే మొదటి ప్రశ్న అదే, రెండోది ఇంటికి ఎవరు దించుతారని. నిజామాబాద్ నుంచి వెళ్లి భారత జట్టుకి ఆడుతున్న గుగులోత్ సౌమ్య పేరు ఆ తల్లులకు చెప్పండి. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, స్పెయిన్ లా లీగా ఫౌండేషన్ తోడ్పాటుతో పల్లె పిల్లలకు, ఆడపిల్లలతో సహా, లీగ్ నడిపింది. సౌకర్యం కల్పిస్తే పల్లెల నుంచి కూడా వస్తారనడానికి అదే సాక్ష్యం. ఏ కోచ్ కూడా ఒక పిల్లతో గాని పిల్లాడితో గాని ఒంటరిగా ఉండే పరిస్థితి రాకూడదు, సందేశాలు తల్లిదండ్రులున్న గ్రూపులోనే పెట్టాలి. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, లోపల సర్దుబాటు చేసుకునే హక్కు ఏ లీగ్‌కీ లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గ్రౌండు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

రిఫరీలుగా 15, 16 ఏళ్ల పాత ఆటగాళ్లను పెట్టుకోవచ్చు, చిన్న మైదానాలకు వాళ్లు చాలు, వాళ్లకీ ఆట బాగా అర్థమవుతుంది. అయితే ప్రతి రెండు మైదానాలకు ఒక పెద్ద రిఫరీ దగ్గరలో ఉండాలి. పెద్దలు ఆ పిల్లల మీద అరిస్తే వాళ్లు మరుసటి వారం రారు. తల్లిదండ్రులను ఒకవైపు గీతకు మూడు మీటర్ల అవతల తాడు కట్టి నిలబెట్టండి, కోచ్‌లు, ఆడని పిల్లలు రెండోవైపు. గోలు వెనక ఎవరూ వద్దు, కీపర్‌కి అది నరకం. నాన్న ఒకవైపు నుంచి "కొట్టు" అంటాడు, కోచ్ ఇంకోవైపు నుంచి "ఆపు" అంటాడు, బంతి మధ్యలో ఆగిపోతుంది. చప్పట్లు కొట్టొచ్చు, పేరు పెట్టి మెచ్చుకోవచ్చు, ఎటు తన్నాలో చెప్పకూడదు. తాడు కట్టిన మొదటి రెండు వారాలు కొందరు అలుగుతారు, తర్వాత అలవాటవుతుంది.

సీజన్ అయ్యాక మూడు లెక్కలు తీయండి: నమోదైన పిల్లల్లో చివరి వారం దాకా ఆడినవాళ్లెందరు, ఒక్కొక్కరికి సగటున ఎన్ని నిమిషాలు దక్కాయి, వచ్చే సీజన్‌కి ఎందరు తిరిగి పేరిచ్చారు. మానేసినవాళ్ల ఇళ్లకు ఫోన్ చేసి కారణం అడిగి రాసుకోండి. ట్యూషన్, దూరం, బూట్లు, బెంచీ మీద కూర్చోబెట్టడం, కోచ్ తిట్లు, వీటిలో ఏది ఎక్కువసార్లు వస్తే వచ్చే ఏడాది నియమాల పుస్తకంలో మొదట దాన్ని సరిచెయ్యండి.